ఫ్రీ ఓఎస్‌తో వెబ్‌సైట్ పెడుతున్నారా? ముందు దాని ఎక్స్‌పైరీ డేట్ చూడండి

కొత్త ఫోన్ కొనేముందు మనం ఏం చూస్తాం? ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ. ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా తప్పనిసరి అయిపోయింది: ఎన్నేళ్లు అప్‌డేట్స్ ఇస్తారు? పదిహేను వేల ఫోన్‌కే ఇంత ఆరా తీసే మనం, సొంత వెబ్‌సైట్ కోసం వీపీఎస్ తీసుకునేటప్పుడు మాత్రం ఓఎస్ లిస్టులో ఏది పైన కనిపిస్తే దాన్ని క్లిక్ చేసేస్తాం. ఎలాగూ ఫ్రీయే కదా అని! నాకు నచ్చనిది ఇదే.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. హోస్టింగ్‌కి లైనక్స్ వాడాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. విండోస్ సర్వర్ తీసుకుంటే లైసెన్స్ ఖర్చు కూడా మన నెత్తినే పడుతుంది. పాత ఏఎస్పీ డాట్ నెట్ ప్రాజెక్ట్ ఏదైనా ఉంటే తప్ప దాని అవసరం మనకు రాదు. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడుస్తున్నది కూడా లైనక్స్ కెర్నలే. కాబట్టి అసలు ప్రశ్న, ఏ లైనక్స్ అన్నది.

సెంట్ఓఎస్ కథ తెలిసిన వాళ్లకి ఈ ప్రశ్న ఎందుకో వెంటనే అర్థమవుతుంది. రెడ్ హ్యాట్ కంపెనీ డబ్బులు తీసుకుని అమ్మే ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌కి అది ఉచిత జెరాక్స్ కాపీ లాంటిది. హోస్టింగ్ ప్రపంచంలో కొన్నేళ్లపాటు రాజ్యమేలింది. 2014లో ఆ ప్రాజెక్ట్ రెడ్ హ్యాట్ గొడుగు కిందికి వెళ్లింది. 2019లో రెడ్ హ్యాట్‌నే ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సెంట్ఓఎస్ 8 వచ్చింది, 2029 దాకా అప్‌డేట్స్ ఉంటాయని అందరూ లెక్కలేసుకున్నారు. తీరా 2020 డిసెంబర్‌లో ఒక ప్రకటన వచ్చింది: 2021 చివరితో సెంట్ఓఎస్ 8 ఆఖరు! ఎనిమిదేళ్ల మాట ఒక్క ప్రకటనతో పోయింది. తమాషా ఏంటంటే, అంతకంటే పాతదైన సెంట్ఓఎస్ 7కి మాత్రం 2024 జూన్ వరకు ఆయుష్షు మిగిలింది. కొత్తది కదా అని నమ్మి ముందుగా మారిన వాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

మరి ఓపెన్ సోర్స్ వల్ల లాభం ఏమిటి అంటారా? ఉంది, చాలా పెద్ద లాభమే ఉంది. కోడ్ అందరి చేతుల్లోనూ ఉంది కాబట్టి నెలల్లోనే రెండు ప్రత్యామ్నాయాలు పుట్టాయి. 2021 మార్చిలో ఆల్మాలైనక్స్, జూన్‌లో రాకీ లైనక్స్ వచ్చేశాయి. రాకీని మొదలుపెట్టిన గ్రెగరీ కర్ట్‌జర్, సెంట్ఓఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరు. సెంట్ఓఎస్ 8 నుంచి వీటికి మారడానికి స్క్రిప్టులు కూడా ఇచ్చారు. మూసేసిన సాఫ్ట్‌వేర్ అయితే ఈ దారి ఉండేదే కాదు. కానీ గమనించండి: ఓపెన్ సోర్స్ లైసెన్స్ మనకు ఇచ్చేది కోడ్ వాడుకునే, మార్చుకునే హక్కు. ఫలానా ఏడాది వరకు అప్‌డేట్స్ ఇస్తామనే హామీ అందులో ఎక్కడా ఉండదు. ఆ హామీ ఇచ్చేది ప్రాజెక్ట్ నడిపే వాళ్లు, వెనక్కి తీసుకునేదీ వాళ్లే.

అందుకే మొదటి సర్వర్ పెట్టుకునే వాళ్లకి నేను డెబియన్ చెప్తాను. 1993 నుంచి ఉంది, ఏ కంపెనీ సొత్తూ కాదు. డెవలపర్లు ఏటా ఓట్లు వేసి తమ లీడర్‌ని ఎన్నుకుంటారు. ఒక్కో వెర్షన్‌కి మూడేళ్ల మామూలు సపోర్ట్, ఆపైన రెండేళ్ల ఎల్‌టీఎస్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 తీసుకుంటే 2030 దాకా చింత లేదు. ఆ తర్వాత కూడా సర్వర్ తుడిచేయకుండానే తర్వాతి వెర్షన్‌కి వెళ్లొచ్చు. చిన్న సైట్‌కి 1 జీబీ ర్యామ్ చాలు. సీప్యానెల్ కావాలంటే మాత్రం డెబియన్ మీద నడవదు, అప్పుడు ఆల్మాలైనక్సో, ఉబుంటు ఎల్‌టీఎస్సో చూసుకోండి. ఇవి కూడా మంచివే, నాకేం గొడవ లేదు.

ఇంత చెప్తున్న నేను కూడా ఒకసారి గట్టిగానే దెబ్బ తిన్నాను. మా అన్నయ్య ట్యూషన్ సెంటర్‌కి సైట్ పెట్టిచ్చి, రూట్ లాగిన్‌కి పాస్‌వర్డ్ అలాగే ఉంచేసి, అప్‌డేట్స్ సంగతి మర్చిపోయాను. సరిగ్గా అడ్మిషన్ల టైమ్‌లో సైట్ నత్తనడక మొదలుపెట్టింది. లోపలికెళ్లి చూస్తే ఎవడో క్రిప్టో మైనింగ్ ప్రోగ్రామ్ పెట్టి సీపీయూ మొత్తం వాడేసుకుంటున్నాడు. అంతా చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను గానీ, నా దగ్గరున్న బ్యాకప్ రెండు నెలల పాతది. ఆ రెండు నెలల్లో ఫారమ్ నింపిన పేరెంట్స్ నంబర్లన్నీ పోయాయి. అన్నయ్య ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ. తప్పు ఓఎస్‌ది కాదు, నాదే. షేర్డ్ హోస్టింగ్‌లో ఓఎస్ కాపలా హోస్టింగ్ వాళ్లు చూసుకుంటారు, వీపీఎస్‌లో అది మన డ్యూటీ. ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయడం, ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆన్ చేయడం, బ్యాకప్‌ని వేరే చోట దాచడం... మొత్తం కలిపి ఒక సాయంత్రం పని. ఆ సాయంత్రం కేటాయించలేం అనుకుంటే షేర్డ్ హోస్టింగే తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకో మాట. ఇప్పటికీ యూట్యూబ్‌లో వెతికితే సెంట్ఓఎస్ 7 మీద వెబ్ సర్వర్ పెట్టే వీడియోలు బోలెడు వస్తాయి. అది చూసి ఇన్‌స్టాల్ చేస్తే యమ్ అప్‌డేట్ దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే పాత మిర్రర్‌లిస్ట్ అడ్రస్ ఇప్పుడు పనిచేయదు. ఫోరమ్‌లలో దొరికే చిట్కాతో ఆ ఎర్రర్‌ని దాటేసినా, ఉచిత సెక్యూరిటీ ప్యాచ్ ఒక్కటీ రాదు. వీడియో మొదలుపెట్టే ముందు దాని తేదీ చూడండి. ఇప్పటికే సర్వర్ నడుపుతుంటే ఇవాళే లాగిన్ అయి, ఏ ఓఎస్, ఏ వెర్షన్ అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. దాని పక్కనే సపోర్ట్ ముగిసే తేదీ కూడా.