భన్‌పురి బడికి పెద్దదిక్కు ఎవరు?

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో, నగరం అంచున ఉంటుంది భన్‌పురి. ఉర్లా, సిల్తరా, బీర్‌గావ్‌లతో కలిసి ఛత్తీస్‌గఢ్ రాజధానికి బువ్వ పెట్టే పారిశ్రామిక ప్రాంతంలో అదొక భాగం. ఇక్కడి మిల్లుల్లో, గోదాముల్లో, లారీల మీద పనిచేసేవాళ్లలో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఊళ్లు దాటి వచ్చినవాళ్లే. రైల్వేనీ ఉక్కునీ నమ్ముకుని తరాల కిందట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయ్‌పూర్, భిలాయి చేరిన తెలుగు కుటుంబాలకు ఈ వలస బతుకు కొత్తది కాదు. ఫీజు కట్టే స్తోమత లేని ఇంటికి ప్రభుత్వ బడే దిక్కు. అలాంటి బడిలో లెక్కల టీచర్ లేడనుకుందాం. ఒక తల్లి ఎవరిని అడగాలి? ప్రధానోపాధ్యాయుడికి టీచర్‌ని నియమించే అధికారం లేదు. ఆయన పైన కొన్ని బడులను కలిపి చూసే సంకుల్, ఆ పైన మన మండల విద్యాధికారి లాంటి వికాస్‌ఖండ్ శిక్షా అధికారి, ఆ పైన జిల్లా విద్యాధికారి ఉంటారు. పోస్టుల నిర్ణయం నవ రాయ్‌పూర్ సచివాలయానిది. గదులకూ సామగ్రికీ డబ్బు సమగ్ర శిక్ష పథకం నుంచి రావాలి. అందరికీ తలా కొంత బాధ్యత ఉంది, పూర్తి బాధ్యత మాత్రం ఏ ఒక్కరిదీ కాదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

అన్నిచోట్లా ఇలాగే ఉండదు. అమెరికాలో ఒక్కో ప్రాంతపు బడులకు ఒక పాలకమండలి ఉంటుంది. ఎక్కువచోట్ల దాన్ని జనం ఓటేసి ఎన్నుకుంటారు. మన దేశంలో జనం నేరుగా ఎన్నుకునే అలాంటి మండలి లేదు. ఎక్కువచోట్ల జిల్లా అన్నది మనకు రాష్ట్ర శాఖ ఆదేశాలను కిందికి చేరవేసే మెట్టు మాత్రమే. మన పద్ధతిని పారేసి వాళ్లది తెచ్చుకోవాలని నేను అనను. కానీ డబ్బు, టీచర్లు, ఫలితాల సమాచారం, ఈ మూడింటి పగ్గాలు మూడు చోట్ల ఉన్నంతకాలం ఏ సంస్కరణా భన్‌పురి లాంటి చోట బడిని నిలబెట్టదు. ఆ మూడూ బడికి దగ్గరగా ఒకచోటికి రావాలి. అక్కడ జవాబు చెప్పే మనిషి ఉండాలి, అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉండాలి. నా వాదన ఇంతే.

స్థానిక పాలన పేరుతో ఇదివరకు ఏం జరిగిందో ముందు చూడాలి. ఉమ్మడి మధ్యప్రదేశ్ కాలంలోనే, 1990లలో, టీచర్ల నియామకాన్ని పంచాయతీలకూ పట్టణ సంస్థలకూ అప్పగించారు. అలా వచ్చినవాళ్లే శిక్షాకర్మీలు. అధికారం దగ్గరికి వచ్చింది కానీ దానికి తగిన నిధి రాలేదు. రెగ్యులర్ టీచర్ చెప్పే పాఠమే తక్కువ జీతానికి చెప్పాలి, ఉద్యోగానికి భరోసా లేదు. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక కూడా ఆ పద్ధతే సాగింది. ఏళ్ల తరబడి సమ్మెలు జరిగాక, ఎనిమిదేళ్ల సర్వీసు నిండినవాళ్లను 2018 జులై 1 నుంచి పాఠశాల విద్యాశాఖలో విలీనం చేశారు, మిగిలినవాళ్లను 2020లో కలిపారు. టీచర్లకు జరిగిన అన్యాయం అలా సరిదిద్దారు, అది జరగాల్సిందే. అయితే దాంతో పాటు బడికీ స్థానిక సంస్థకూ మధ్య ఉన్న సన్నని ముడి కూడా తెగిపోయింది. డబ్బివ్వకుండా బరువు దింపడాన్ని వికేంద్రీకరణ అనుకున్నాం. అది విఫలమయ్యేసరికి వికేంద్రీకరణే తప్పని తీర్మానించుకున్నాం.

డబ్బు సంగతికి వస్తే, ఛత్తీస్‌గఢ్ పాఠశాల విద్య మీద పెట్టే ఖర్చు తక్కువేం కాదు. 2025-26 బడ్జెట్‌లో ఈ శాఖకు 22 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించారు. ఇలాంటి బడ్జెట్‌లో సింహభాగం జీతాలకే పోతుంది. టీచర్ జీతం వృథా ఖర్చు కాదు, అదే బడికి ప్రాణం. కానీ జీతాలు పోగా బడి తనంతట తాను ఖర్చుపెట్టుకోగల సొమ్ము ఎంతో చూడండి. సమగ్ర శిక్ష కింద ఇచ్చే ఉమ్మడి పాఠశాల గ్రాంటు 30 మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10 వేలు, వందలోపు ఉంటే 25 వేలు, 250 లోపు ఉంటే 50 వేలు. రెండు వందల మంది పిల్లలున్న బడికి తలకు 250 రూపాయలన్నమాట. సుద్దముక్క, చీపురు, కరెంటు బిల్లు, పగిలిన కుళాయి, ఊడిన తలుపు అన్నీ అందులోనే గడవాలి. అదీ కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున కలిసి, విడతలు దాటి వచ్చే సొమ్ము. మరోవైపు ఛత్తీస్‌గఢ్ నగరాల్లో ఆస్తి పన్నుతో పాటు 'శిక్షా ఉపకర్' పేరుతో విద్యా సుంకం ఉంది. గనుల జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. మార్గాలు ఇన్ని ఉన్నా, ఫలానా బడికి ఈ ఏడాది ఏ దారిలో ఎంత వచ్చిందో ఒక్క కాగితం మీద చూపించాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

టీచర్ల లెక్క ఇంకా బాధ కలిగిస్తుంది. 2025లో 'యుక్తియుక్తకరణ్' పేరుతో బడులనూ టీచర్లనూ సర్దుబాటు చేసేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వమే కొన్ని అంకెలు బయటపెట్టింది. ప్రాథమిక బడుల్లో సగటున 21.84 మంది పిల్లలకు ఒక టీచర్ ఉన్నారు. జాతీయ సగటు 29 అని ప్రభుత్వం చెప్పింది. అంటే టీచర్లు సరిపడా ఉన్నట్టే. కానీ అదే రాష్ట్రంలో అప్పటికి 212 ప్రాథమిక బడుల్లో ఒక్క టీచరూ లేరు, 6,872 ప్రాథమిక బడులను ఒక్కరే నెట్టుకొస్తూ ఉండేవారు. పట్టణాల్లో 527 బడుల్లో పదిమందికో, అంతకన్నా తక్కువమందికో ఒక టీచర్ ఉంటే, 245 బడుల్లో నలభైమందికో, అంతకు మించిన పిల్లలకో ఒక్కరే. విద్యాహక్కు చట్టంలోని 25వ సెక్షన్ చట్టం నిర్దేశించిన పిల్లల-టీచర్ నిష్పత్తి ప్రతి బడిలోనూ ఉండాలంటుంది. సగటు చూపిస్తే చట్టాన్ని పాటించినట్టు కాదు. చట్టం అమల్లోకి వచ్చి పదిహేనేళ్లు నిండే నాటికీ ఈ ఎగుడుదిగుళ్లు ఉన్నాయంటే, టీచర్ ఎక్కడ కావాలన్న నిర్ణయం పిల్లల అవసరాన్ని బట్టి జరగలేదనే అర్థం. తెలుగువాళ్లం ఈ విషయంలో తలెత్తుకుని మాట్లాడే స్థితిలో లేము. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల్లో ఏకోపాధ్యాయ బడులు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912.

యుక్తియుక్తకరణ్ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. టీచర్ లేని బడికి టీచర్‌ని పంపడం కన్నా న్యాయమైన పని ఏముంటుంది? మొత్తం 10,463 బడుల సర్దుబాటులో 10,297 ఒకే ప్రాంగణంలో ఉన్నవేననీ, దూరం మారేవి 166 మాత్రమేననీ ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అదీ గుర్తుపెట్టుకోవాల్సిందే. నా అభ్యంతరం పద్ధతి మీద. ఒక తేదీన తలలు లెక్కపెట్టి పోస్టులు ఖాయం చేస్తే పల్లెలో కొంతవరకు సరిపోవచ్చు. పని దొరికినప్పుడు వచ్చి, పని తప్పినప్పుడు వెళ్లిపోయే కుటుంబాలున్న పారిశ్రామిక వాడలో ఆ లెక్క ఎంతకాలం నిలుస్తుంది? ఈ సర్దుబాటు లెక్కలో అరవై మందిలోపు పిల్లలకు ఇద్దరు టీచర్లంటే, ఆ ఇద్దరిలో ఒకరు ప్రధానోపాధ్యాయుడే. రికార్డులు, మధ్యాహ్న భోజనం, సమావేశాలు ఆయన మీద పడితే ఐదు తరగతులకు మిగిలేది ఒక్కరే. టీచర్ల సంఘాలు ఎత్తిచూపిన ఈ లోపం బడిని రోజూ చూసేవాళ్లకు తెలుస్తుంది, సచివాలయంలోని పట్టికకు తెలియదు.

పగ్గాలన్నీ ఒకచోట ఉంటే ఏం జరుగుతుందో కూడా ఇదే రాష్ట్రం చూపించింది. 2020లో మొదలైన స్వామి ఆత్మానంద్ ఇంగ్లిష్ మీడియం బడులను నడపడానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సొసైటీలు పెట్టారు. భవనం, టీచర్ల ఎంపిక, ఖర్చు ఆ సొసైటీల చేతికి వచ్చాయి. మొదట్లో ఫీజు లేదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీయాల్సి వచ్చింది. ప్రైవేటు బడుల వైపు చూసే తల్లిదండ్రులు ప్రభుత్వ బడి ముందు వరసకట్టారు. దీన్నిబట్టి ప్రభుత్వ బడి బాగుపడదన్న మాట అబద్ధమని తేలింది. కానీ ఆ ఏర్పాటు ఎంపిక చేసిన బడులకే దక్కింది. లాటరీలో పేరు రాని బిడ్డ మళ్లీ అదే పాత బడికి వెళ్లాలి. పైగా సొసైటీ మొత్తం కలెక్టర్ చుట్టూ తిరిగేది. కలెక్టర్ మారితే శ్రద్ధ మారుతుంది, ప్రభుత్వం మారితే పథకం పేరూ నిధులూ ప్రశ్నార్థకమవుతాయి. అధికారి ఆసక్తి మీద ఆధారపడ్డ మంచి అధికారితోనే బదిలీ అయిపోతుంది. తల్లిదండ్రుల హక్కు మీద నిలబడిన మంచికి ఆ భయం లేదు.

ఆ హక్కు చట్టంలో ఇప్పటికే ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సభ్యుల్లో సగంమంది స్త్రీలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఖర్చును గమనించడం ఆ కమిటీ పని. కానీ రాసిన ప్రణాళికకు డబ్బు కట్టబెట్టాల్సిన నిర్బంధం పైవాళ్లకు లేదు. అందుకే కమిటీ చాలాచోట్ల సంతకాలకే పరిమితమవుతోంది. దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రాంటూ, విద్యా సుంకంలో ఆ వార్డు బడులకు రావాల్సిన వాటా జూన్‌లో బడి తెరిచే నాటికి కమిటీ ఖాతాలో పడాలి. పోస్టులు బడి పేరు మీద ఖాయం కావాలి, డిప్యుటేషన్ మీద ఎవరినైనా తీసుకెళ్లాలంటే ముందు ఆ ఖాళీ నింపాలి. వలస పిల్లల కోసం ఏడాదిలో రెండుసార్లు లెక్క తీయాలి. వీటికి జిల్లా స్థాయిలో జవాబు చెప్పడానికి, కమిటీల ప్రతినిధులూ నగర పాలక సంస్థా విద్యాశాఖా కూర్చునే విద్యామండలి ఒకటి ఉండాలి.

కూలీ పనిచేసే తల్లిదండ్రులకు లెక్కలేం తెలుస్తాయి, డబ్బు వాళ్ల చేతికిస్తే స్థానిక పెద్దలు మింగేయరా అని అడిగేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే 'నాడు-నేడు' పథకం మొదటి దశలో 15,715 బడుల పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు, బెంచీలు వచ్చాయి. తర్వాతి దశలో చాలా పనులు మధ్యలో నిలిచిపోయాయి. దానికి కారణాలు వెతకాల్సింది పైనుంచి రావాల్సిన నిధుల్లో, తల్లుల చదువులో కాదు. తెలంగాణ కూడా 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి బడి మరమ్మతులు అప్పగించింది. పొదుపు సంఘంలో పైసాతో సహా లెక్క రాసుకునే ఆడవాళ్లకు బడి లెక్క అర్థం కాదనడం అన్యాయం. అవినీతి భయం నిజమే. దానికి మందు లెక్కను గోడకెక్కించడం, సామాజిక తనిఖీ చేయించడం. డబ్బును ఇంకా దూరంగా పెడితే తినేవాడు మారతాడు గానీ తినడం ఆగదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం సమానత్వానిది. స్థానికంగా వదిలేస్తే ఉన్నవాళ్ల వాడ బడి బాగుపడి, లేనివాళ్ల బడి చితికిపోదా? అమెరికాలో జరిగింది అదే. అక్కడ బడి నిధులకు ఆ ప్రాంతపు ఆస్తి పన్ను పెద్ద ఆధారం కావడంతో, ఇళ్ల విలువ తక్కువున్నచోట బడికి వచ్చే డబ్బూ తక్కువే అయింది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పేద తల్లిదండ్రులు దీనిమీద కోర్టుకెళితే, 1973లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో వాళ్ల వాదన తోసిపుచ్చింది. ఈ హెచ్చరికను మనం మనసుకు ఎక్కించుకోవాలి. అందుకే నేను అడుగుతున్నది ఖర్చుపెట్టే అధికారం స్థానికంగా ఉండాలని, వసూలు చేసే భారం మాత్రం రాష్ట్రానిదీ కేంద్రానిదీ కావాలని. నగరానికి వచ్చే విద్యా సుంకాన్ని కూడా ఒకచోట పోగుచేసి, అవసరం ఎక్కువున్న వార్డుకు ఎక్కువగా పంచాలి. బడికి దగ్గరగా రావాల్సింది టీచర్ల కేటాయింపు, వాళ్ల ఎంపికా జీతమూ రాష్ట్రం చేతిలోనే ఉండాలి. శిక్షాకర్మీల అనుభవం నేర్పిన పాఠమదే.

చివరికి బడి పని పిల్లలకు చదువు రావడం. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 48.8 శాతమే. అది గ్రామాల సర్వే కాబట్టి భన్‌పురి లాంటి నగరపు అంచు దాని లెక్కలోకే రాదు. ఇంట్లో ఒక భాష, బడిలో హిందీ, పాఠం కొన్నిచోట్ల ఇంగ్లిష్‌లో వినే వలస బిడ్డ ఎంత నేర్చుకుంటున్నాడో బడి తానే కొలిచి చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు. అందుకే ప్రతి జూన్‌లో బడి గోడ మీద మూడు కాగితాలు అతికించాలి. మంజూరైన పోస్టులెన్ని, పనిచేసేవాళ్లెందరు అన్నది మొదటిది. ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది రెండోది. ఏ తరగతిలో ఎందరు చదవగలరు, ఎందరు లెక్క చేయగలరు అన్నది మూడోది. ఒక్కో కాగితం కింద జవాబు చెప్పాల్సిన అధికారి పేరు, హోదా, ఆయన తల్లిదండ్రుల ముందు కూర్చునే తేదీ రాసి ఉండాలి. షిఫ్టు దిగి బడి దగ్గరికి వచ్చిన ఆ తల్లి, లెక్కల టీచర్ గురించి ఎవరిని అడగాలో ఆ గోడ మీద చదువుకుంటుంది.