చూడదగిన లిఫ్టులు

లిఫ్టు అనగానే పట్టణాలలోని ఆసుపత్రులు, కచేరీలు గుర్తుకు వచ్చును. యాత్రికుడు కోటలను, గుళ్లను, దర్గాలను చూడబోవును గాని, లిఫ్టును చూడబోయినాడనిన నవ్వు వచ్చును. మేమును నవ్వినవారమే. గోల్కొండ విహారయాత్ర తరువాత ఆ నవ్వు మాకు పోయినది.

నిజమునకు ఈ యంత్రపు కిటుకు మనకు కొత్తది కాదు. మద్నూరు ప్రాంతపు బావులపై ఎడ్లు మోట లాగిన దినములు మన పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. ఎడ్లు వాలు దిగుచుండగా నీరు పైకి వచ్చును. ఏతములో ఒక కొన దిగినకొలది రెండవ కొన లేచును. నేటి లిఫ్టులోను అంతే. మనుషులెక్కు గది ఒక వైపు, దానికి సరితూగు ఇనుప దిమ్మెలు మరియొక వైపు వ్రేలాడును. అవి దిగిన మనము లేతుము. తాడు తెగిన గతియేమి అను భయమును తీర్చినవాడు అమెరికా దేశస్థుడు ఎలైషా ఓటిస్. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎత్తైన వేదికపై తానే నిలిచి, జనులు చూచుచుండగా తాడు నరికించినాడు. వేదిక కొద్దిగా జారి, పళ్లచక్రపు పట్టుకు చిక్కి ఆగిపోయినది.

ఇక చూడదగిన వానిలో మాకు మిక్కిలి నచ్చినది బ్రెజిల్ దేశములోని సాల్వడార్ నగరపు లాసెర్డా లిఫ్టు. ఆ నగరము రెండంతస్తులది. రేవు క్రింద, పాత పట్టణము గట్టు మీద. 1873లో ఈ రెంటిని ఒక లిఫ్టు కలిపినది. నేటి దాని ఎత్తు సుమారు 72 మీటర్లు. అది భవనములోని సౌకర్యము కాదు, ఊరిలోని ఒక వీధి. నిలువుగా నున్న వీధి, అంతే భేదము. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1902లో వెలసిన సాంతా జుస్తా లిఫ్టు కూడ ఇట్టిదే. 45 మీటర్ల ఇనుప గోపురము, మొదట ఆవిరితో, పిదప విద్యుత్తుతో నడచినది. స్విట్జర్లాండులో 1905లో వెలసిన హామెట్‌ష్వాండ్ లిఫ్టు ఎత్తు 153 మీటర్లు. చైనాలోని బైలాంగ్ లిఫ్టు వీటన్నిటిని మించి 326 మీటర్లు లేచును. కాని కొండ అందము చూపుటకు కొండనే తొలిచిన ఆ పని మాకంతగా రుచించలేదు.

గోల్కొండకు వత్తుము. మా మిత్రుడొకడు ఊతకర్రలతో నడచును. బాలాహిస్సారుకు 300కు పైగా మెట్లు. అతనిని క్రిందనే సామానుకు కాపలా యుంచి మేము ఎక్కిపోయినాము. ఆ తప్పు మాదే. అప్పుడది తప్పుగా తోచనైన తోచలేదు. పైన నిలిచియుండగా చప్పట్లు వినబడినవి. ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద కొట్టిన చప్పట్లు పైవరకు వినబడుట ఆ కోట విశేషమని అందరు ఎరుగుదురు. కొట్టినవాడు మా మిత్రుడే. ఆ చప్పుడు ఎక్కిన చోటికి అతడు ఎక్కలేకపోయినాడు. కుతుబ్ షాహీల కాలములో రహట్ చక్రములతో, మట్టి గొట్టములతో అంచెలంచెలుగా నీటిని ఆ ఎత్తునకు ఎక్కించినారట! నీరు ఎక్కిన చోటికి నాలుగు వందల ఏండ్ల తరువాత మనిషి ఎక్కరాదా?

ప్రాచీన కట్టడములకు లిఫ్టు పెట్టిన శోభ చెడునని కొందరందురు. ఆ భయమును మేము కొట్టివేయము. అయితే ఏథెన్సులోని అక్రోపోలిస్ గోల్కొండ కంటె ఎన్నో శతాబ్దముల పాతది. అక్కడ 2004లో వికలాంగుల కొరకు ఒక లిఫ్టు పెట్టినారు. 2020లో దాని స్థానమున క్రొత్తది వచ్చినది. రాతి గుళ్లకు తగులకుండ, ఉత్తరపు వాలున ఒక ప్రక్కగా సాగును. మన హైదరాబాదులోనే 2017లో ప్రారంభమైన మెట్రో స్టేషనులలో లిఫ్టులు కలవు. ప్రజోపయోగ భవనములు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. ఇంజనీరుల చేతకానిది కాదు, అడుగువారు తక్కువ.

కావున రాబోవు సంవత్సరము విహారయాత్రకు స్థలము నిర్ణయించుటకు ముందే, అది కౌలాస్ కోటయైనను, దూరదేశమైనను, అక్కడ మెట్లెన్ని, మెట్లు గాక వేరు దారి యేమి కలదు అని విచారింపవలెనని మా అధ్యాపకులను కోరుచున్నాము. ఈ వ్యాసమును అచ్చుకు పంపుటకు ముందు మా మిత్రునికి చూపినాము. లిస్బన్‌కు రైలు ఎక్కడ మారవలెనని అడిగినాడు.