ముందుగా వాడబోమన్న మాట

నిజామాబాద్ జిల్లా వేల్పూర్, ఆర్మూర్ వైపు రాజకీయం మాట్లాడితే చర్చ పసుపు ధర మీదికి, 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మీదికి వెళుతుంది. వెళ్లాలి కూడా. అణ్వాయుధాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అది ఢిల్లీ వ్యవహారమని వదిలేస్తాం. కానీ ఆ వ్యవస్థ వేళ్లు మన నేలలోనే చాలా లోతుకు దిగి ఉన్నాయి.

పోచంపాడు దాటి కిందికి పారే గోదావరి నీటితోనే అశ్వాపురం దగ్గర మణుగూరు భారజల కర్మాగారం నడుస్తోంది. అణు రియాక్టర్లకు ఇంధన కడ్డీలు తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ 1971లో హైదరాబాద్‌లో ఏర్పడింది. ఓటింగ్ యంత్రాల్లోనూ ఆ వేళ్లు కనిపిస్తాయి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది బరిలోకి దిగితే, నిజామాబాద్‌లో ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. దేశంలో ఓటింగ్ యంత్రాలు తయారుచేసేవి రెండే సంస్థలు. అందులో ఒకటైన ఈసీఐఎల్, అయ్యగారి సాంబశివరావు 1967లో నిలబెట్టిన అణుశక్తి శాఖ సంస్థ. వీటిలో చాలా పని విద్యుత్తు కోసం, పౌర అవసరాల కోసం జరిగేదే. అంతటినీ బాంబు ఖాతాలో రాయడం న్యాయం కాదు. అణ్వస్త్రాలు మోసే అగ్ని క్షిపణుల సంగతి వేరు. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని, ఆ తర్వాత వచ్చినవి హైదరాబాద్ డీఆర్‌డీవో ప్రయోగశాలల్లోనే రూపుదిద్దుకున్నాయి. అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జులై 26న విశాఖలో నీటిలోకి దింపారు. రెండోదైన అరిఘాత్ 2024 ఆగస్టులో అక్కడే నౌకాదళంలో చేరింది.

సముద్రమే లేని తెలంగాణకు ఆ జలాంతర్గాములతో ఇప్పుడు నేరుగా బంధం పడుతోంది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీటిలోకి చొరబడలేవు. అతి తక్కువ పౌనఃపున్యం ఉన్నవి మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా వెళతాయి. వాటిని పంపాలంటే చాలా పెద్ద యాంటెన్నాలు, విశాలమైన స్థలం కావాలి. పైకి రాకుండా లోపలే దాగిన జలాంతర్గామి ఆ సందేశాన్ని అందుకుంటుంది, తిరిగి జవాబివ్వదు. దేశం దాడికి గురైన రోజున ప్రధాని నిర్ణయం సముద్రం అడుగుకు చేరే దారుల్లో ఇదొకటి.

జలాంతర్గామి వల్ల దేశానికి దక్కేది తొందరపడనక్కర్లేని వెసులుబాటు. నేల మీది క్షిపణి స్థావరాలన్నీ ధ్వంసమైనా, నీటి కింద దాగినది తిరిగి కొట్టగలదు. కాబట్టి ముందుగా మీట నొక్కాల్సిన అవసరం మనకు లేదు. 2003 జనవరి 4న ప్రకటించిన మన అణు విధానం సారం కూడా ఇదే: మనం ముందుగా అణ్వాయుధం వాడం, మన మీద వాడితే ఎదుటివారు తట్టుకోలేనంతగా ప్రతీకారం ఉంటుంది.

ఆ మాటను ఇప్పుడు అక్కడక్కడా సడలిస్తున్నారు. 2019 ఆగస్టులో పోఖ్రాన్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ఇప్పటిదాకా ఇదే విధానమని, భవిష్యత్తులో ఏమవుతుందో పరిస్థితులను బట్టి ఉంటుందని అన్నారు. మొదటి దెబ్బ మనమే ఎందుకు తినాలని అడిగేవారూ ఉన్నారు. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. అయితే లెక్క చూడాలి. స్టాక్‌హోమ్ సంస్థ సిప్రీ 2025 అంచనా ప్రకారం మన దగ్గర సుమారు 180 అణ్వస్త్రాలున్నాయి, పాకిస్తాన్ దగ్గర 170, చైనా దగ్గర 600. మనమే ముందు కొట్టినా వాళ్లవి ఒక్కటీ మిగలకుండా పోతాయని ఏ సైన్యాధికారీ హామీ ఇవ్వలేడు. మిగిలినవి మన నగరాల మీదే పడతాయి. పైగా మనం ముందే కొడతామన్న భయం పట్టుకుంటే, ఎదుటివాడు రాడార్ తెర మీద కనిపించిన ప్రతి నీడకూ మీట మీద చేయి వేస్తాడు.

ముందుగా వాడబోమన్నది చట్టం కాదు, అందరి ఎదుట ఇచ్చిన మాట. అలాంటి మాటకు ఎంత బలం ఉంటుందో వేల్పూర్‌కు తెలుసు. 2001లో పిల్లలను పనిలోంచి బడికి పంపుతామని ఈ మండలంలోని ఊళ్లన్నీ కలిసి మాటిచ్చుకున్నాయి. అలా వేల్పూర్ బాల కార్మికులు లేని మండలంగా నిలిచింది. ఆ మాట అందరికీ తెలుసు కాబట్టే, దాన్ని తప్పడం ఎవరికైనా కష్టమైంది. అణు విధానంలో ఇచ్చిన మాటకూ అలాంటి కాపలా కావాలి.

కాబట్టి రెండు విషయాలు అడగాలి. మొదటిది, విధానంలో మార్పు ఏదైనా మంత్రి ప్రసంగంలోంచో ట్వీట్‌లోంచో కాకుండా పార్లమెంటులో చర్చ జరిగాకే రావాలి. ఆ చర్చ లేవనెత్తే బాధ్యత మన ఎంపీలదే. నల్లమలలో యురేనియం తవ్వొద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అణు వ్యవహారాల్లో ప్రజాప్రతినిధులకు నోరుంటుందని అది చూపించింది. రెండోది, దామగుండం కోసం కొట్టే ప్రతి చెట్టు లెక్క, మళ్లీ నాటే చోటు, పక్క ఊళ్ల పశువుల మేతకు, ఆ అడవిలోని రామలింగేశ్వరుడి గుడికి వెళ్లే దారికి ఇచ్చిన హామీలు రాతపూర్వకంగా గ్రామ పంచాయతీలకు అందాలి. ఆ కాగితాల్లో దాచాల్సిన సైనిక రహస్యమేదీ లేదు.