మేడ్చల్ భూమి పూచీపై అమెరికా చదువు

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో పిల్లలు ఎమ్మెస్‌కు వెళ్లడాన్ని డాలర్ల మోజు అని తేల్చేయడం ఆ తల్లిదండ్రులకు అన్యాయం చేయడమే. ఈ ప్రయాణానికి మూలం ఇక్కడే ఉంది. 2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక కండ్లకోయ, మైసమ్మగూడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు నిండాయి. డిగ్రీ ముఖం చూడని ఇళ్ల నుంచి ఇంజినీర్లు వచ్చారు. అంతమందికి సరిపడా మంచి ఉద్యోగాలు మాత్రం రాలేదు. చేతిలో బీటెక్ పట్టా, ఎదురుగా చాలీచాలని జీతం. అలాంటప్పుడు ఎమ్మెస్ ఒక్కటే దారిలా కనిపిస్తుంది.

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. కాస్త దూరంలో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ. కానీ క్లాట్, బిట్‌శాట్ వంటి జాతీయ పరీక్షల వడపోతలో ఈ ఊళ్ల పిల్లలకు ఆ గేట్లు అరుదుగానే తెరుచుకుంటాయి. అమెరికాలోని ఓ మామూలు యూనివర్సిటీలో సీటే వాళ్లకు తేలిక.

బ్రూకింగ్స్ సంస్థ 2014లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2008-12 మధ్య హైదరాబాద్ నుంచి 26 వేల మందికి పైగా విద్యార్థులు అమెరికా వెళ్లారు. 2023-24లో అక్కడి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చాం. అప్పుడు పండగలా చెప్పుకున్నాం గానీ, ఆ అంకె వెనకున్న అప్పుల సంగతి పెద్దగా మాట్లాడుకోలేదు.

లెక్క చూద్దాం. 40 లక్షల అప్పు, 12 శాతం వడ్డీ అనుకుంటే ఒక్క వడ్డీయే నెలకు 40 వేలు. పూచీకత్తు ఇల్లో, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక విలువ పెరిగిన పొలమో. 2024 ఆరంభంలో 83 రూపాయల దగ్గరున్న డాలర్ 2025 డిసెంబరులో 90 దాటింది. 20 వేల డాలర్ల ఫీజుకే లక్షా 40 వేలు అదనం. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనితో ఇది తీరదు. నిజానికి ఆ కుటుంబం డబ్బు పెట్టేది చదువు తర్వాత ఓపీటీ కింద దొరికే ఉద్యోగ కాలం మీద: ఒక ఏడాది, స్టెమ్ కోర్సులకు మరో రెండేళ్లు.

ఆ తర్వాతి దారి ఇంకా ఇరుకు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత స్పష్టత ఇచ్చారు. ఈలోగా ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో!

ఈ దారిలో మోసాల సంగతీ మనకు కొత్త కాదు. 2011లో అమెరికాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మోసం బయటపడి కుప్పకూలినప్పుడు కొందరు తెలుగు పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు వేశారు. 2019లో అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులోనూ ఎక్కువగా చిక్కింది మనవాళ్లే. అయినా ఉద్యోగాలకు పంపే ఏజెంట్లకు 1983 వలస చట్టం ప్రకారం ఉన్న రిజిస్ట్రేషన్ నిబంధన చదువుకు పంపే కన్సల్టెన్సీలకు లేదు. యూనివర్సిటీ నుంచి కమీషన్ తీసుకుంటూనే సలహాదారుగా కూర్చోవడాన్ని అడిగేవారే లేరు. ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ వస్తుందో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధనైనా రాష్ట్రం తేవాలి.

అంతకన్నా ముందు చేయగలిగిన పని ఒకటుంది. రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. సర్కారు డబ్బు ఇవ్వకపోతే చాలాచోట్ల కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, లేదా ఆ ఫీజు విద్యార్థినే కట్టమంటుంది. కట్టలేని ఇల్లు మళ్లీ అప్పుకే వెళుతుంది, అదీ అమెరికా అప్పు ఇంకా మొదలు కాకముందే. ప్రభుత్వం ఆ బకాయి తీర్చాలి, కాలేజీ ఆ కాగితాలు వదలాలి.