చప్పిడి కూర ఎందుకు నిలవదు?

బీపీ ఉందని తేలిన మర్నాటి నుంచి ఇంట్లో ఆ ఒక్కరికీ చప్పిడి కూర వేరే గిన్నెలో వండటం మన దగ్గర మామూలే. రెండు మూడు వారాలు తిరక్కుండానే ఆ వేరు గిన్నె అటకెక్కుతుంది. నోటి మీద అదుపు లేదని ఇంట్లోవాళ్ళు రోగిని అంటారు. ఇన్నేళ్ళుగా తిన్నది ఒక్కసారిగా మానమంటే ఎలాగని రోగి అంటాడు. నన్నడిగితే రోగి మాటే సబబు. ఉప్పు మీది యావ చాలావరకు ఇంటి వంట నాలుకకు నేర్పిన అలవాటు. నేర్పిన చోటే, నేర్పినంత నెమ్మదిగా దాన్ని మాన్పించాలి. ఒక్క మనిషి చేత ఒక్క రోజులో మాన్పించబోతే తిరగబడక ఏమవుతుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో 21 శాతానికి, పురుషుల్లో 24 శాతానికి రక్తపోటు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ సగటును ఎప్పుడో దాటేశాయి. మన స్త్రీలలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి బీపీ ఉంది. పురుషుల్లో ఇంకా ఎక్కువ. ఇన్ని లక్షల ఇళ్ళలో వేరు గిన్నె పెట్టించి, అది విఫలమయ్యాక రోగిని తిట్టడం వైద్యం కాదు.

ఉప్పు ఒంటికి అక్కర్లేదని ఎవరూ అనరు. నరాలు, కండరాలు పనిచేయాలన్నా, ఒంట్లో నీటి పాళ్ళు సరిగా ఉండాలన్నా సోడియం కావాలి. కావలసింది ఎంత అన్నదే అసలు ప్రశ్న. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లో 52 చోట్ల పదివేల పైచిలుకు మందిని పరీక్షించింది. వారిలో బ్రెజిల్ అడవుల్లోని యానొమామి తెగవారు వంటలో ఉప్పు వాడరు. మూత్రంలో వారికి పోయే సోడియం దాదాపు లెక్కకు రానంత తక్కువ. వయసు మీదపడినా వారి రక్తపోటు పెరగలేదు. వారు సన్నగా ఉంటారు, మద్యం అలవాటు లేదు, కనుక ఘనతంతా ఉప్పుకే కట్టబెట్టలేం. కానీ పిడికెడు ఉప్పు పడకపోతే మనిషికి సత్తువ ఉండదన్న మాట మాత్రం వారిని చూశాక నిలవదు. నిజంగా ఒళ్ళే ఉప్పు అడిగే సందర్భం వేరు. అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని ఒంట్లో సోడియం నిలవని మూడున్నరేళ్ళ పిల్లవాడి గురించి 1940లో అమెరికా వైద్యులు రాశారు. ఉత్త ఉప్పు తింటూ బతికిన ఆ పిల్లవాడు, ఆసుపత్రిలో మామూలు భోజనం మీద ఉంచిన కొద్దిరోజులకే చనిపోయాడు. ఉన్నట్టుండి ఉప్పు మీద విపరీతమైన కోరిక పుట్టి, దాంతోపాటు నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, చర్మం నల్లబడటం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. మిక్చరు పొట్లం చూస్తే చెయ్యి ఆగకపోవడం ఆ కోవలోకి రాదు.

అది ఏ కోవలోకి వస్తుందో పసిపిల్లల్ని చూస్తే తెలుస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఉప్పు నీళ్ళ మీద ప్రత్యేకమైన ఇష్టమేమీ ఉండదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆ ఇష్టం మొదలవుతుంది. అప్పటికే ఉప్పు కలిసిన తిండి రుచి చూసిన పిల్లల్లో అది ఎక్కువగా ఉంటుందని పరిశోధకులు గమనించారు. అంటే గుజ్జన్నంలో మొదటి చిటికెడు పడటంతోనే చదువు మొదలైనట్టే. ఆ చదువును మరిపించవచ్చని కూడా రుజువైంది. 1982లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో కొందరు యువతీ యువకులు అయిదు నెలలు ఉప్పు తగ్గించిన తిండి మీద ఉన్నారు. చివరికొచ్చేసరికి, అంతకుముందు వారికి సరిపోయిన ఉప్పు బిస్కట్లు ఉప్పన అనిపించాయి. అంతకన్నా తక్కువ ఉప్పున్నదే రుచిగా తోచింది. నాలుక మారుతుంది. కాకపోతే నెలలు పడుతుంది. చప్పిడి కూర మూడో వారంలోనే ఓడిపోతుంది కనుక రోగి నాలుకకు మారే గడువే దక్కదు. పైగా పక్క కంచంలోంచి గోంగూర వాసన వస్తూనే ఉంటుంది.

మన యావకు మన భోజనంలోనే ఒక ప్రత్యేక కారణం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మనం అన్నంలో ఉప్పు వెయ్యం. చప్పటి అన్నం అంత కుప్ప గొంతు దిగాలంటే కలుపుకునేదీ నంజుకునేదీ గట్టిగా ఉప్పూ కారం పట్టి ఉండాలి. ముద్దపప్పులోకి ఆవకాయ, చారన్నంలోకి అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ. ఇవన్నీ అన్నాన్ని లోపలికి పంపే సాధనాలు. కనుక అన్నం ఎంతో ఉప్పు అంత. అన్నం ఒక గరిటె తగ్గించి కూర రెండు గరిటెలు పెంచితే, కూరను విడిగా తినగలిగినంత కమ్మగా వండుకోవాల్సి వస్తుంది, ఉప్పు దానంతటదే దిగుతుంది. కారం తగ్గిస్తే ఉప్పు తగ్గుతుందని కొందరు అనుకుంటారు గానీ, అసలు లంకె అన్నంతోనే అని నా వాదన.

ఇక తగ్గించే తీరు. ఇంటిల్లిపాదికీ వండే గిన్నెలోనే వేసే ఉప్పును రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా దించుకుంటూ రావాలి. అలా చేస్తున్నట్టు ఎవరికీ చెప్పకపోవడం ఇంకా మంచిది. పప్పులో, పులుసులో ఉప్పు తగ్గిన లోటును నిమ్మకాయ, చింతచిగురు, మామిడికాయ పులుపు చాలావరకు పూడుస్తాయి. ఇంగువ తిరగమోత, మిరియాలు మిగతా పని చూసుకుంటాయి. ఈ విషయంలో మన వంటకున్న వసతి చాలా వంటలకు లేదు. ఊరగాయ జోలికి మాత్రం పోకండి. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్ళలో కలపడం ఆవకాయకు పాత లెక్క. అక్కడ ఉప్పు తగ్గిస్తే జాడీ బూజు పడుతుంది. తగ్గాల్సింది కంచంలో వేసుకునే ముక్క. ఎంత తింటున్నామో తెలియాలంటే ఇంటి ఉప్పు ప్యాకెట్టు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాములు. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. బయట కొన్న చిరుతిళ్ళు, కర్రీ పాయింటు కూరలు ఈ లెక్కలోకి రావు కనుక నిజానికి ఇంకా ఎక్కువ రోజులే రావాలి.

మన ఎండలకు చెమట పోతుంది, ఉప్పు తగ్గిస్తే పడిపోతామని ఒక అభ్యంతరం. రామగుండం, రెంటచింతల ఎండల్లో రోజంతా మట్టి మోసే మనిషి విషయంలో అది నిజమే. ఆయనకు ఉప్పు కలిపిన మజ్జిగ కావాలి, ఈ వ్యాసం ఆయన కోసం రాసింది కాదు. అయితే వేడికి అలవాటు పడ్డ ఒళ్ళు ఒకటి రెండు వారాల్లోనే చెమటలో పోయే సోడియంను తగ్గించుకుంటుంది. ఫ్యాను కింద కూర్చుని పనిచేసేవారికి ఈ సాకు అసలే చెల్లదు. రెండో అభ్యంతరం బరువైనది. 2014లో ప్యూర్ అనే పెద్ద అధ్యయనం, ఉప్పు బాగా తక్కువ తినేవారిలోనూ గుండెజబ్బులు, మరణాలు ఎక్కువున్నాయని తేల్చింది. మన దేశంలో సగటు వాడకం రోజుకు 8 నుంచి 11 గ్రాములని అంచనా. ప్యూర్ లెక్కలో అది పెద్ద ప్రమాదమేమీ కాదు. కానీ ఆ అధ్యయనం ఒక్కసారి తీసిన మూత్రం నమూనా నుంచి రోజంతటి సోడియంను ఊహించింది. జబ్బుపడ్డవారు తిండే తక్కువ తింటారన్న చిక్కు కూడా అందులో ఉంది. 24 గంటల మూత్రాన్ని పలుమార్లు సేకరించి చేసిన అధ్యయనాల్లో ఉప్పు తగ్గినకొద్దీ ముప్పు తగ్గుతూ వచ్చిందే తప్ప మళ్ళీ పెరగలేదు. నేను వీటివైపే మొగ్గుతాను.

ఉప్పు మార్చితే సరిపోదా అంటారు. సైంధవ లవణం రంగులోనే వేరు, అందులోనూ ఉన్నది సోడియం క్లోరైడే. పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం నిజంగా పనిచేస్తుంది. చైనాలో 600 గ్రామాల్లో 21 వేల మంది మీద జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే కిడ్నీలు దెబ్బతిన్నవారికి పొటాషియం ప్రాణాంతకం కావచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి ప్రాంతంలో పరీక్షలు చెయ్యకుండా దాన్ని ఇంటింటికీ పంచడం పిచ్చిపని. ఉప్పు తగ్గితే అయోడిన్ తగ్గుతుందన్న భయానికి, ఉప్పులో కలిపే అయోడిన్ పాళ్ళు పెంచడమే జవాబు.

ఇంటి గిన్నె మన చేతిలో ఉంది, బయటి గిన్నె లేదు. బ్రిటన్‌లో 2003 తర్వాత ప్రభుత్వం కంపెనీల వెంటపడి బ్రెడ్డు దగ్గర్నుంచి ఒక్కోదానిలో ఉప్పును దశలవారీగా దించింది. 2011 నాటికి మనిషి సగటు వాడకం 9.5 గ్రాముల నుంచి 8.1కి వచ్చింది. తినేవారికి తేడా తెలిసిన దాఖలా లేదు. మన చిప్స్, నూడుల్స్ ప్యాకెట్ల మీద ముందువైపే ఉప్పు హెచ్చరిక వేయించడం ఏళ్ళ తరబడి ముసాయిదాల్లో నలుగుతోంది. అది తేలేలోగా రాష్ట్రాలు చేయగలిగింది ఒకటుంది. అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజనం, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ళు అన్నిటా వండించేది ప్రభుత్వమే, తినేది నాలుక ఇంకా తయారవుతున్న పిల్లలు. ఏడాదిలో పావువంతు తగ్గేలా నెలనెలా కొద్దిగా దించితే వారు పసిగట్టలేరు. ఎంత ఉప్పు ఖర్చయిందో స్టాకు రిజిస్టరే చెబుతుంది. సాయం చేయడానికి జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ముందు కొన్ని గురుకులాల్లో చేసి చూసి, ఆ లెక్కలు బయటపెట్టమని రెండు ప్రభుత్వాలనూ అడగడం పెద్ద కోరికేమీ కాదు.