అమ్మమ్మ అడిగిన ప్రశ్న

గోడకు చెప్పుకొన్న మొర వ్యర్థమని లోకులందురు. గోడలచేతనే మొర చెప్పించిన యొక స్త్రీ వృత్తాంతమును ఈ మాసమున సోదరీమణులకు విన్నవించుచున్నాము.

జూడీ బాకా 1946లో అమెరికాయందలి లాస్ ఏంజిలిస్ నగరమున, మెక్సికోనుండి వచ్చి స్థిరపడినవారి కుటుంబమున జన్మించెను. తల్లి కర్మాగారమున పనికి పోవుచుండగా బిడ్డను పెంచినది అమ్మమ్మయే. బడిలో ఆంగ్లము రాని యా బాలికను ఒక మూల కూర్చుండబెట్టి బొమ్మలు వేసికొననిచ్చిరి. ఆమె పెరిగి, చిత్రకళ నభ్యసించి, తన చిత్రములను చూపగా, ఇవి దేనికి పనికివచ్చునని అమ్మమ్మ యడిగెనట.

ఉషాకన్య వేదన తీర్చుటకు చిత్రలేఖ బొమ్మలు వ్రాసెనని భాగవతమున చదివియున్నాము. చిత్రకళ యొకరి కక్కఱకు రావలెననుట మనకు క్రొత్త కాదు. అయినను, ముసలివారికేమి తెలియునని ఆ ప్రశ్నను త్రోసివేయు విద్యావతులు గలరు. బాకా యట్లు చేయలేదు. తనవారు అడుగిడని చిత్రశాలలలో తన చిత్రములు వ్రేలాడి ఫలమేమని తలపోసి, వీథిగోడల నాశ్రయించెను.

1970లో, వైరముగల ముఠాలలోని కుర్రవారిని కూర్చుకొని, హాలెన్‌బెక్ ఉద్యానమునందలి సంగీతమండపముపై చిత్రము వ్రాసెను. అది చేతులు చాచి పిలుచుచున్న అమ్మమ్మ రూపమే. ఒకరినొకరు కొట్టుకొనువారు ఆ చేతులను కలిసి వ్రాసిరి.

వియత్నాము యుద్ధమును నిరసించినందున బాకా తన ఉపాధ్యాయపదవిని కోల్పోయెను గాని కుంచెను విడువలేదు. 1976లో టుజుంగా వరదకాలువ గోడపై మఱియొక చిత్రము నారంభించెను. నాలుగువందలకు పైబడిన యువతీయువకులు 1983 వఱకు ఐదు వేసవులు శ్రమింపగా అది 2,754 అడుగుల పొడవున నిలిచెను. చరిత్రగ్రంథములలో తగిన చోటు చిక్కనివారి కథలు అందు గలవు: 1942లో నిర్బంధశిబిరములకు పంపబడిన జపాను సంతతివారు; యుద్ధకాలమున కర్మాగారములు నడపి, పిదప ఇండ్లకు మరలింపబడిన స్త్రీలు; పేటల నడుమ పెద్దరహదారులు వేయగా వేఱుపడిన కుటుంబములు. 2017లో ఆ గోడను జాతీయ చారిత్రకస్థలముల పట్టికలో చేర్చిరి.

విద్య బిడ్డను ఇంటికి దూరము చేయునని కొందఱు తల్లులు భయపడుదురు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. కాని పెద్దలు తమకు తెలియదని మౌనము వహించినను, పిల్లలు మీకు తెలియదని నోరు మూయించినను ఆ దూరము పెరుగును. మన కుమార్తెలు తాము నేర్చినదానిని తెచ్చి చూపినప్పుడు, కోపముతో గాక కోరికతో, ఇది దేనికమ్మా యని యడుగుదము. అట్లడుగుటకు మనకు చిత్రకళ తెలియనక్కఱలేదు.