ఈ తగువు రచ్చబండ మీద తీరేది కాదు

ఎప్పుడూ ఎరువులు, ధాన్యం రేటు, కాలవ నీళ్ళ గురించే రాస్తుంటాను. ఇవాళ పంట మాట కాదు, పిల్లల మాట. కాస్త పెద్దదే, చివరిదాకా చదవండి.

తగువు తీర్చడం మన ఊర్లలో అందరికీ అలవాటైన పని. గట్టు జరిపాడన్నా, నీరు ముందు మళ్ళించుకున్నాడన్నా, మేకలు జీడితోటలో పడ్డాయన్నా నలుగురం కూర్చుంటాం, ఒక మాట అనుకుంటాం, తప్పు కట్టించి లేచిపోతాం. కోర్టుకెళ్తే ఏళ్ళు, ఇక్కడైతే ఒక పూట. నేనూ చాలా తగువుల్లో కూర్చున్నాను. ఒక్కదాంట్లో మాత్రం కూర్చోకుండా ఉండాల్సింది.

పదేళ్ళు దాటింది. ఊరు పేరు, బడి పేరు రాయను. ఏడో తరగతి గుంట. తండ్రి వలస పనికి చెన్నై పోయాడు. బడిలో పనిచేసే ఒకడు పిల్లతో చెడుగా ప్రవర్తించాడని తల్లి ఏడ్చుకుంటూ వచ్చింది. రాత్రి పెద్దలం కూర్చున్నాం. "ఆడపిల్ల, రేపు పెళ్ళి చెయ్యాల, స్టేషన్ మెట్లెక్కితే పేరు పోద్ది" అన్నాం. వాడిచేత కాళ్ళు పట్టించాం, కొంత డబ్బు కట్టించాం, వేరే చోటికి పొమ్మన్నాం. మంచి పనే చేశామనుకుని ఇంటికొచ్చి పడుకున్నాం. పిల్లని మాత్రం మాలో ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఆ పిల్ల మరి బడి మొహం చూడలేదు. వాడు పోయిన చోట కూడా పిల్లలుంటారు కదా అన్న ఆలోచన ఆ రాత్రి ఎవరికీ తట్టలేదు.

అప్పటికే పోక్సో చట్టం ఉంది. 2012 నవంబరు 14న, పిల్లల పండగ రోజునే అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ, ఆడపిల్లలకే కాదు మగపిల్లలకీ వర్తిస్తుంది. దాంట్లో మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఏటంటే, ఇలాంటి నేరం జరిగిందని తెలిసినోడు పోలీసులకి చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి సంగతి తెలిసి బడి పెద్ద దాస్తే ఏడాది వరకు. ఆ లెక్కన ఆ రాత్రి కూర్చున్న మేమందరం నేరం చేసినోళ్ళమే.

"రెండు వైపులా ఒప్పుకున్నాక మీకేటి" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి రాజస్థాన్ సంగతి చెప్తాను. 2022 జనవరిలో అక్కడ ఒక సర్కారు బడి మాస్టారి మీద ఒక ఆడపిల్ల తండ్రి కేసు పెట్టాడు. నెల తిరక్కుండానే రాజీ అయిపోయింది, పొరపాటు పడ్డామని కాగితం రాశారు. ఆ కాగితం చూసి హైకోర్టు కేసు కొట్టేసింది. కన్నవాళ్ళే సరే అన్నాక మరెవరు అడుగుతారు? అడిగారు. ఆ ఇంటికి సంబంధం లేని ఇద్దరు మనుషులు సుప్రీంకోర్టు దాకా పోయారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ హైకోర్టు తీర్పుని కొట్టేసి కేసు నడపమంది. ఇలాంటి నేరం రెండు కుటుంబాల మధ్య గొడవ కాదు, సమాజం మీద నేరం, రాజీతో పోదు అంది. తండ్రి రాజీ పడితేనే చెల్లనప్పుడు, మన రచ్చబండ రాజీ ఏటి చెల్లుతుంది?

మనకి అసలు భయం కేసు కాదు, పరువు. ఆ భయం నాకూ తెలుసు, ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. కానీ చట్టం దానికీ దారి చూపింది. పిల్ల స్టేషన్‌కి పోనక్కర్లేదు, పోలీసులే ఇంటికో, పిల్ల చెప్పిన చోటుకో వచ్చి మాట రాసుకోవాలి. వీలైనంత వరకు ఆడ ఎస్సై రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. కోర్టులో వాడి మొహం పిల్లకి కనపడకుండా చూడాలి. పిల్ల పేరు, ఫొటో, ఇల్లు, బడి, ఏదీ పేపర్లో గానీ టీవీలో గానీ రాకూడదు. నిజానికి ఊరంతా పాకించేది పేపరోళ్ళు కాదు, మన అరుగుల మీద కబుర్లే.

ఇంతా చేస్తే న్యాయం దొరుకుతుందా అంటే, హైదరాబాదు కేసు చూడండి. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లో ఒక ప్రైవేటు బడి. నాలుగేళ్ళ పాప. చేసినోడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. కన్నవాళ్ళు దాచలేదు, కేసు పెట్టారు. 2023 ఏప్రిల్‌లో వాడికి 20 ఏళ్ళ జైలు పడింది. అంటే ఆరు నెలలు. ప్రిన్సిపాల్ మీద కేసు మాత్రం కోర్టులో నిలవలేదు. అన్ని కేసులూ ఇంత తొందరగా తేలవు. ఏడాదిలో తేల్చాలని చట్టంలో ఉన్నా ఏళ్ళకేళ్ళు సాగేవీ ఉన్నాయి. ఆ కోపం నాకూ ఉంది. అయినా మేం కట్టించిన ఆ డబ్బు కంటే అదే నయం.

"అబద్ధం కేసైతే మాస్టారి బతుకేటి" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా పిల్లలకి చదువు చెప్పిన మాస్టార్లకి నేను ఇప్పటికీ లేచి దణ్ణం పెడతాను. కావాలని అబద్ధం చెప్పిన పెద్దోళ్ళకి ఈ చట్టంలోనే శిక్ష ఉంది. కానీ నిజమా అబద్ధమా తేల్చేది పోలీసులు, కోర్టు. మసక దీపం కింద కూర్చున్న మనం కాదు.

మనలో చాలా మంది పిల్లలు హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. తల్లీ తండ్రీ వలస పోతే ఆ పిల్లకి కష్టం చెప్పుకోడానికి ఎవరున్నారు? 1098 పిల్లల నెంబరు, డబ్బులు పడవు. 112 ఉంది. రేపు పేరెంట్స్ కమిటీ మీటింగులో నేను రెండే అడుగుతాను. రాత్రిపూట హాస్టల్లో ఎవరుంటున్నారు? 1098 నెంబరు పిల్లలకి కనపడేలా గోడ మీద రాశారా? మీ ఊరి బడి గోడ మీద ఆ నెంబరు ఉందో లేదో చూసొచ్చి కింద కామెంట్లో రాయండి.